పాత సభకు క్రొత్త పని

సంఘపు గోడకు మహాజన సభ నోటీసు అంటించుదురు. ఆ దినమున పదిమంది వత్తురు. కార్యదర్శి జమాఖర్చులు చదువును. ఆమోదించితిమని మినిట్సు పుస్తకములో వ్రాసికొని, సంతకములు చేసి, తేనీరు త్రాగి, ఎవరి యిండ్లకు వారు పోవుదురు. రానివారి సంతకములకై మరునాడు పుస్తకమును ఇంటింటికి త్రిప్పుటయు కొన్ని తావుల కలదు. సహకార సంఘములలో పెక్కింట మహాజన సభ యనిన నేడింతకు మించి లేదు.

ఈ సభను మరల లేవనెత్తవలయునని సభ్యులలో కొందరు కొంతకాలముగా మాతో చెప్పుచున్నారు. చట్టము కోరిన సభకు తోడుగా, పూర్వమువలె నెలకొక మారు అందరమును కూర్చుండి మాటాడుకొను ఏర్పాటు కావలయునని వారి కోరిక. పాతది చెడినది గనుక దానిని విడిచి వేరొక సంఘము పెట్టుకొనుటయే మేలని మరికొందరి వాదము. ఉభయుల మాటలను విని మేమొక యభిప్రాయమునకు వచ్చితిమి. సభ పాతదే యుండవలయును. దాని పని మారవలయును. ఆ క్రొత్త పని మొదట ఒక్కటే కావలయును. ఇట్లనుటకు గల కారణములను సభ్యుల యెదుట నుంచుచున్నాము. బాగుగా ఆలోచించి, తప్పున్నచో దిద్దుదురు గాక.

సభ యేల చప్పబడినది

మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. అంతకు పూర్వమే చెన్నపురి ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను అధికారిని 1892లో ఐరోపా ఖండమందలి భూమి బ్యాంకులను పరిశీలించుటకు నియమించిరి. ఆయన నివేదిక 1895, 1897 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడెను. మన నెల్లూరు జిల్లా ఆనాడు చెన్నరాజధానిలోనిదే. ఆ రాజధానిలో మొదటి సంఘము 1904లోనే నాటి చెంగల్పట్టు జిల్లాయందలి తిరూరు గ్రామమున స్థాపితమయ్యెను.

ఆ చట్టము పేరులోనే పరపతి యున్నది. షావుకారు వడ్డినుండి రైతును విడిపించుటయే అప్పటి యుద్దేశము. అది మంచి యుద్దేశమే. కాని సంఘమనిన అప్పు, అప్పనిన సంఘము అను భావము నాడే నాటుకొనిపోయినది. ఆ యొక్క పనియైనను పూర్తిగా నెరవేరలేదు. 1954లో ప్రకటితమైన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక ప్రకారము రైతులు చేసిన యప్పులలో సహకార సంఘముల నుండి వచ్చినది నూటికి 3.1 వంతులు మాత్రమే. అర్ధశతాబ్ది కృషికి అది ఫలము.

అటుపిమ్మట కాలము మారెను. 1969లో 14 పెద్ద బ్యాంకులు జాతీయములై పల్లెలలో శాఖలు తెరచినవి. 1987లో మన రాష్ట్రమున స్వల్పకాలిక ఋణములను దీర్ఘకాలిక ఋణములను ఒకే గవాక్షమున నిచ్చు పద్ధతి వచ్చినది. 2020 మే నెలలో గ్రామములలో రైతు భరోసా కేంద్రములు వెలసినవి. 2024 తరువాత అవియే రైతు సేవా కేంద్రములైనవి. ఇట్లు అప్పు బ్యాంకులో దొరకుచున్నది, ఎరువు మరియొక చోటను దొరకుచున్నది. సంఘమునకు బాకీ లేని సభ్యునకు సంఘముతో నేమి పని మిగిలినది? బాకీ యున్నవానికి సభకు వచ్చుట సిగ్గు. బాకీ లేనివానికి అక్కరలేదు. ఇక వచ్చువారెవరు?

దీనికి తోడు పాలకవర్గముల సంగతి. 2013లో ప్రాథమిక సంఘములకు ఎన్నికలు జరిగినవి. ఆ వర్గముల గడువు తీరిన పిదప ప్రభుత్వము నియమించిన వారి చేతులలో సంఘములు నడచినవి. తాను ఎన్నుకొననివాని యెదుట సభ్యుడు లెక్క యడుగుటకు జంకును. అడిగినను బదులు చెప్పవలయునను బాధ్యత ఎదుటివానికి తోచదు.

కావున సభకు రాని సభ్యుని సోమరియనుట న్యాయము కాదు. కల్లము పనియున్నను పెండ్లికి పోవుదుము, పంచాయతీ తగవునకు పోవుదుము, తిరునాళ్లకు పోవుదుము. మన పని యున్నచోటికి మనము పోకుండలేదు. సభలో మన పని లేకపోయినది. దానిని తిరిగి పెట్టుటయే ఇప్పుడు చేయవలసినది.

హెడ్డెస్‌డార్ఫు గ్రామ కథ

పాత సంస్థను పడగొట్టక దాని పనిని మార్చి నిలువబెట్టుట సహకారోద్యమమునకు క్రొత్త కాదు. ఆ యుద్యమపు పుట్టుకయే అట్టిది. జర్మనీ దేశమున రైఫైజెన్ అను నాయన గ్రామాధికారిగా నుండెను. 1846–47 శీతకాలమున కరవు వచ్చినపుడు ఆయన వైయర్‌బుష్ గ్రామమున ధాన్యము తెప్పించి, పొయ్యి కట్టించి, బీదలకు రొట్టె దొరకునట్లు చేసెను. తరువాత 1854లో హెడ్డెస్‌డార్ఫు గ్రామమున నొక ధర్మసంఘము పెట్టెను. ధనవంతులు ధనమీయవలయును, బీదలు పొందవలయును. దిక్కులేని బాలురను పెంచుట, చెరనుండి వచ్చినవారికి పని చూపుట, రైతులకు అప్పిచ్చుట మొదలగు పనులన్నియు ఆ యొక్క సంఘమే తలకెత్తుకొనెను.

కొన్ని యేండ్లకు ధనవంతుల యుత్సాహము చల్లారెను. పనులు పెక్కు, చేయువారు కొందరు. అప్పుడు రైఫైజెన్ రెండు మార్పులు చేసెను. పెక్కు పనులను విడిచి అప్పిచ్చు పని నొక్కదానిని నిలిపెను. ఎవరికి అప్పు కావలయునో వారినే సభ్యులుగా చేసి, వారినే ఒకరి కొకరిని పూచీగా నిలిపెను. 1864లో ఆ పాత ధర్మసంఘమే ఋణసంఘముగా మారెను. ఊరు అదే, నడపువాడు అతడే. పని మాత్రము మారినది, సభ్యుని స్థానము మారినది. లోకమంతట వ్యాపించిన గ్రామ పరపతి సంఘములకు ఆ మారిన సంఘమే మూలము. నికల్సన్ దొర మన దేశమునకు తగినదని చెప్పినదియు అట్టి సంఘమునే.

మన జిల్లాలోని దూబగుంట

అంత దూరము పోనక్కరలేదు. మన జిల్లాలోనే ఇంతకంటె గొప్ప యుదాహరణ మున్నది. కలిగిరి మండలములోని దూబగుంట పేరు వినని వారు మనలో లేరు. 1991లో నెల్లూరు జిల్లాయందు సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినది. పగలు కూలిపని చేసికొని వచ్చిన స్త్రీలు రాత్రివేళ దీపము చుట్టు కూర్చుండి అక్షరములు దిద్దిరి. ఆ కూటము అక్షరములకొరకు ఏర్పడినది. కాని పదిమంది స్త్రీలు నిత్యమును ఒకచోట కూడినపుడు తమ కష్టము చెప్పుకొనకుందురా? చెప్పుకొనగా అందరి కష్టము ఒకటే యని తేలినది. మగవారి కూలి డబ్బు సారా కొట్టులో పోవుచున్నది.

అప్పుడా కూటము తన పనిని మార్చుకొన్నది. సారా బండిని ఊరిలోనికి రానీయకుండ స్త్రీలు అడ్డగించిరి. దూబగుంట రోశమ్మగారి పేరు దేశమంతట వినబడెను. వారి కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అను పాఠమై ఇతర గ్రామముల రాత్రిబడులకు పోయెను. ఒక యూరి కూటము చేసిన పనిని చదివి వేరొక యూరి కూటము అదే పనికి పూనుకొన్నది. 1992లో జిల్లాలో సారా వేలము పాటలు సాగుట కష్టమయ్యెను. 1993 ఏప్రిలు 15 నుండి నెల్లూరు జిల్లాలోను, ఆ సంవత్సరమే అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటను సారా నిషిద్ధమయ్యెను.

అంతటితో ఆ కూటములు చెదరియుండవలసినది. కోరినది లభించినది గదా! కాని మన జిల్లా స్త్రీలు చెదరలేదు. సారాకు పోవక మిగిలిన డబ్బులో దినమున కొక రూపాయి దాచుకొందమని పొదుపు లక్ష్మి సంఘములు కట్టిరి. అదే చాప, అదే దీపము, అదే స్త్రీలు. ఇది వారి మూడవ పని. నేడు మన రాష్ట్రమున పొదుపు సంఘము లేని యూరు లేదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయినది, చట్టము నిలువలేదు. కూటము మాత్రము నిలిచినది.

ఈ రెండు కథలలోను మనకు కావలసిన నీతులు మూడు గలవు. ఒకటి: పాత కూటమి పెట్టుబడి దాని డబ్బు కాదు, కూడుట యను అలవాటు. ఆ యలవాటు క్రొత్తగా పుట్టించుట కష్టము. ఉన్నదానిని మేలుకొలుపుట తేలిక. రెండు: క్రొత్త పనిని పైవారు ఇచ్చినపుడు సభ బ్రదుకదు, కూర్చున్నవారి నొప్పినుండి పుట్టినపుడు బ్రదుకును. మూడు: ఒక్కొక్క కాలమున ఒక్కొక్క పనియే. అక్షరములు, సారా, పొదుపు అను మూటిని ఒకే రాత్రి మొదలుపెట్టియుండిన యెడల ఒకటియు సాగియుండదు.

ఇరువదియైదు పనులా, ఒక పనియా

ఇప్పుడు ప్రాథమిక సంఘములను మరల నిలువబెట్టవలయునని పైనుండియు ప్రయత్నము జరుగుచున్నది. 2021 జూలైలో కేంద్రమున సహకారమునకు ప్రత్యేక మంత్రిత్వశాఖ ఏర్పడెను. 2022 జూన్‌లో 63,000 సంఘముల లెక్కలను కంప్యూటరులకు ఎక్కించుటకు 2,516 కోట్ల రూపాయల పథకము మంజూరయ్యెను. 2023 జనవరిలో మాదిరి ఉపనిబంధనలు వెలువడెను. వాని ప్రకారము ప్రాథమిక సంఘము పాడి, చేపలు, గిడ్డంగి, విత్తనము, ఎరువు, యంత్రముల బాడుగ, గ్యాసు, పెట్రోలు బంకు మొదలుగా 25కు పైబడిన పనులు చేయవచ్చును. ఐక్యరాజ్య సమితివారు 2025ను అంతర్జాతీయ సహకార సంవత్సరముగా ప్రకటించిరి.

ఇవి యన్నియు మంచివే. లెక్క కంప్యూటరుకు ఎక్కినచో దాచుట కష్టమగును. అది సభ్యునకు లాభము. పని చేయుటకు నిబంధన అడ్డు రాకుండుటయు లాభమే. కాని చేయవచ్చుననుటకును చేయవలయుననుటకును భేదము గలదు. వంటయింటిలో పది దినుసు లున్నవని పదింటిని ఒకే కుండలో వేయము. హెడ్డెస్‌డార్ఫు ధర్మసంఘము చేసిన తప్పు అదియే. జాబితా చూచి మురిసి, పెట్రోలు బంకుతో మొదలుపెట్టిన సంఘము బంకు యజమానియగును గాని రైతు సభ కాజాలదు. బంకులో నూనె పోయించుకొనువాడు డబ్బిచ్చి పోవును, సభకు రాడు.

కావున పనిని ఎన్నుకొనుటకు మేమొక గీటురాయిని సూచించుచున్నాము. సభ్యులందరకు తగిలిన బాధ కావలయును. అందరును ఒకే పక్షమున నిలుచునది కావలయును. ఒక్క పంట కాలములో ఫలము కానవచ్చునది కావలయును.

ఈ గీటురాయిపై కొన్ని పెద్ద సంగతులు మొదట నిలువవు. నీటి సంగతి యున్నది. 1855 నాటి నెల్లూరు ఆనకట్ట, 1886 నాటి సంగం ఆనకట్ట మన డెల్టాను పండించినవి; వాని స్థానమున కట్టిన బ్యారేజీలు రెండును 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైనవి. ఐనను సముద్రపు దిక్కున కాలువ చివరనున్న చేలకు నీరు కడపటనే చేరును. కాని నీటికై 1997 నాటి చట్టము క్రింద నీటి వినియోగదారుల సంఘములు వేరుగా నున్నవి. 2024 డిసెంబరులో వానికి ఎన్నికలును జరిగినవి. ఆ పని వారిది. మీదుమిక్కిలి నీటి విషయమున కాలువ మొదటివాడును చివరివాడును ఒక పక్షము కారు.

ఉప్పు సంగతి యున్నది. రొయ్యల చెరువుల ప్రక్కనున్న వరిచేలు ఉప్పెక్కుచున్నవను మొర తీరమంతట గలదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరపు చెరువులను గూర్చి గొప్ప తీర్పు చెప్పెను. 2005లో చట్టమును వచ్చెను. తగవు తీరలేదు. మన సభ్యులలో వరి రైతులున్నారు, చెరువుల వారున్నారు, రెండును చేయువారున్నారు. ఇప్పుడే లేచి కూర్చున్న సభకు ఈ తగవు మొదటిదినముననే యిచ్చినచో సభ రెండుగా చీలును. బలము వచ్చిన పిదప దానిని తప్పక చేపట్టవలయును, నేడు కాదు.

పుట్టి యెంత?

మరి మొదటి పని యేది? కల్లములోని తూకము.

ముదివర్తి మొదలు రామతీర్థము వరకు వరి పండించు రైతు ఎవరైనను ధాన్యమును పుట్టి లెక్కనే అమ్మును. పుట్టి పూర్వము కొలత. ఇరువది తూములు పుట్టి. తూము పోయి కాటా వచ్చినది గాని పేరు పోలేదు. నేడు మన జిల్లాలో పుట్టి యనిన 850 కిలోలు. పేరు పాతదై లోపలి సరకు మారినపుడు కన్ను తెరచి యుండవలయును. బేరము పుట్టికి కుదురును. తూకము సంచికి జరుగును. సంచి బరువు క్రింద కొంత, తేమ క్రింద కొంత, తరుగు క్రింద కొంత తీయుదురు. చివరకు పుట్టి యెన్ని కిలోలయినదో, బండి కదలిన పిదప ఇంటిలో కూర్చుండి లెక్కించుకొనువారే ఎక్కువ.

ఈ నష్టమెంత? లెక్క వేసి చూతము. 2025–26 సంవత్సరమునకు సాధారణ రకము ధాన్యమునకు ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధరకు 850 కిలోల పుట్టి వెల 20,136 రూపాయల 50 పైసలు. పుట్టికి 30 కిలోలు అదనముగా పోయిన దనుకొందము. అది 710 రూపాయల 70 పైసలు. ఎకరమునకు మూడు పుట్లు పండినచో 2,132 రూపాయలు. ఐదెకరముల రైతునకు 10,660 రూపాయలు. లక్ష రూపాయల పంట ఋణమునకు నూటికి 7 చొప్పున ఏడాది వడ్డి 7,000 రూపాయలు. వడ్డిలో అరవాసి తగ్గించుడని అర్జీలు పెట్టుకొనుచు, కాటాపై అంతకంటె ఎక్కువ పోగొట్టుకొనుట ఏమి వివేకము?

కొనువారందరు మోసగాండ్రని మేము చెప్పుట లేదు. తడి ధాన్యము ఎండిన పిదప బరువు తగ్గునన్నది నిజము. ప్రభుత్వపు కొనుగోలుకును తేమ 17 శాతమునకు మించరాదను నియమమున్నది. కాని తేమ యెంతయో ఎవరు చెప్పవలయును? కొనువాడే ధాన్యము అరచేత పట్టి, కొరికి, ఇంత యని చెప్పినచో అమ్మువాడు మారు చెప్పలేడు. మన ప్రాంతమున ముఖ్య పంట ఈశాన్య ఋతుపవనమును నమ్మి నాటినది. వేసవి మొదట కోతలు. కోత యంత్రములు వచ్చిన పిమ్మట ఒక్క వారములో ఊరి చేలన్నియు కోతకు వచ్చును. ఆరబెట్టుటకు చోటు లేదు, వాన మబ్బు చూచి గుండె దడ, కూలికిని యంత్రపు బాడుగకును డబ్బు తక్షణము కావలయును. ఆ దినమున ఒంటరి రైతు బేరమాడలేడు. పదిమంది కలసిన ఆడగలరు.

దీనికి సంఘము చేయవలసినది గొప్ప పెట్టుబడి పని కాదు. తూనికలు కొలతల శాఖవారి ముద్ర గల కాటా యొకటి, తేమ చూచు మీటరు ఒకటి, పుస్తక మొకటి, నల్లబల్ల యొకటి. అమ్మకమునకు పూర్వము ఏ సభ్యుడైనను రెండు సంచులు సంఘపు కాటాపై పెట్టి చూచుకొనవచ్చును. తేమ కొలిపించుకొని చీటి పుచ్చుకొనవచ్చును. అమ్మిన పిదప పుట్టికి ఎన్ని కిలోలు పోయినవో, ధర యెంత పలికినదో, డబ్బు ఎన్ని దినములకు చేతికి వచ్చినదో పుస్తకములో చెప్పి వ్రాయింపవలయును. రైతు పేరు లేకుండ ఆ మూడంకెలను నల్లబల్లపై వేయవలయును. మొదటి సంవత్సరమున సంఘము ధాన్యము కొననక్కరలేదు, అమ్మనక్కరలేదు. అంకెలు బల్లపై నున్న చాలును. నిన్న ప్రక్క చేనివానికి 850 కిలోలకే తూచిన కాటా నేడు తనకేల వేరుగా తూచినదని రైతు అడుగగలడు.

నెలసభ యొక్క పని ఆ పుస్తకమును చదువుటయే. చదివిన యంకెలపై మాట పుట్టును. మాటనుండి తీర్మానము పుట్టును. ఫలానా తూకమునకు మించి ఈయరాదని ఊరంతయు ఒక మాట యనుకొనుట రెండవ మెట్టు. కలసి అమ్ముట మూడవది. గిడ్డంగియు ఆరబోయు చప్టాయు నాలుగవది. మాదిరి ఉపనిబంధనలలోని తక్కిన పనులు అటు తరువాత తమంతట వచ్చును.

ఎవరు కూర్చుండవలయును

పని మారినపుడు కూర్చుండువారును మారవలయును. మన చేలలో దున్నువాడు ఒకడు, పట్టా యొకనిది. ధాన్యము తూచునపుడు కాటా ప్రక్కన నిలుచువాడు కౌలు రైతు. సంఘపు రిజిస్టరులో నున్నది భూమి యజమాని పేరు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద పదునొకండు నెలల పత్రమిచ్చు ఏర్పాటు వచ్చినది గాని, దానికి యజమాని సమ్మతి కావలసి యుండుటచే పెక్కుమందికి అందలేదు. తూకపు నష్టము ఎవరిదో వారు లేని సభలో తూకమును గూర్చి మాటాడుట పెండ్లికొడుకు లేని పెండ్లి. ఓటు సంగతి చట్టము చూచుకొనును. నెలసభలో చాపపై చోటుకు చట్టము అడ్డు రాదు. కౌలు రైతులను పేరుపెట్టి పిలువవలయును.

స్త్రీలను సైతము పిలువవలయును. కల్లములో సంచులు లెక్కించునది, కూలి డబ్బు పంచునది, ఏ బాకీ ఎప్పుడు తీర్చవలయునో జ్ఞాపకము పెట్టుకొనునది పెక్కిండ్ల వారే. పొదుపు సంఘములలో ముప్పది యేండ్లుగా పుస్తకము వ్రాసిన చేతులు మన యూళ్లలో నున్నవి. సంఘపు తూకపు పుస్తకము వ్రాయుటకు అంతకంటె నమ్మకమైన చేతులు మనకెక్కడ దొరకును?

కొన్ని యాక్షేపణలు

ఈ కాలమున సభ లెందుకు, చేతిలో ఫోను ఉన్నది, అందులోనే ధరలు తెలియును, అందులోనే పదిమందియు మాటాడుకొనవచ్చును అని యువకులు చెప్పుచున్నారు. ఫోనులో ధర తెలియుట మేలే. తూకపు పుస్తకములోని యంకెలను ఫోనులో పంపుటయు మేలే. కాని వార్త వేరు, మాట యిచ్చుట వేరు. ఈ తూకమునకు మించి ఈయనని ప్రక్కవాని మొగము చూచి చెప్పినవాడు తప్పుటకు సిగ్గుపడును. ఫోనులో చెప్పినవాడు మరునాడు మరచును.

సభను తిరిగి పెట్టినచో పార్టీలవారు ఆక్రమింతురని పెద్దల భయము. ఈ భయము వట్టిది కాదు. పూర్వమున కన్నులార చూచినదే. కాని ఖాళీ కుర్చీని ఆక్రమించుట సులభము, నిండిన చాపను ఆక్రమించుట కష్టము. అంకెలు చదువు సభలో ఉపన్యాసమునకు చోటు తక్కువ. కాటాకు పార్టీ లేదు.

పాత బాకీలు, పాత లెక్కల తగవులు తేలకుండ క్రొత్త పని యెట్లని కొందరు అడుగుచున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. పాత లెక్కలను దాచి క్రొత్త బోర్డు వ్రేలాడదీసిన యెడల అది మోసమే యగును. కాని లెక్క తేలువరకు సభ కూడరాదనిన లెక్క ఎన్నటికిని తేలదు. అడుగువారు లేనందుననే గదా అది తేలక యున్నది. ఆడిటు నివేదికను తెలుగున చదివి వినిపించుట ప్రతి మహాజన సభకు మొదటి నియమము కావలయును.

ఇంకొక మాటయు ఒప్పుకొనవలయును. ఈ యత్నము విఫలమైన యెడల నష్టము లేదనుకొనరాదు. ఒకమారు లేపి పడవేసిన సభను రెండవమారు లేపుట నాలుగింతల కష్టము. పిలిచినపుడు వచ్చి ఏమియు కానక పోయినవాడు మరల రాడు. అందువలననే పని యొక్కటే కావలయునని ఇంతగా చెప్పుచున్నాము. చిన్న పనియైనను అయినదని చూపినచో మనుష్యులు నిలుతురు.

మా మనవి

కోతలకు ఇంకను కొంత వ్యవధి యున్నది. ఈ లోపున మూడు సభలు జరుగవలయునని మా మనవి. మొదటి సభలో గత సంవత్సరము ఎవరికి పుట్టికి ఎన్ని కిలోలు పోయినవో ఎవరి నోట వారు చెప్పవలయును. ఆ దినమున ఇక మరేమియు వలదు. రెండవ సభలో కాటా, మీటరు, పుస్తకము ఎవరి వశమున నుండవలయునో, ఆ ఖర్చు ఎట్లు పెట్టవలయునో తేల్చుకొనవలయును. మూడవ సభలో కాటాను అందరి యెదుట నిలిపి, తెలిసిన తూనికరాళ్లు పెట్టి సరిచూచి, పుస్తకపు మొదటి పుట తెరవవలయును. ఎడగారు పైరు నాటువేళకు మరల కూడి, పుస్తకము ఏమి చెప్పినదో వినవలయును. మేలు కనబడినచో సాగింతము. కనబడనిచో కారణము వెదకుదము.

పత్రికలో వ్రాయుట మా వంతు. సభకు వచ్చుట మీ వంతు. వచ్చునపుడు ఒక్కరు రావలదు. మీ చేను కౌలుకు చేయువానిని, మీ యింటి యిల్లాలిని వెంట తోడ్కొని రండు. గతసంవత్సరపు తూకపు చీటి ఇంటిలో నున్నచో దానిని సైతము తెండు. సభ ఆ చీటితోనే మొదలగును.